పెళ్లి తేదీ ఖాయమైంది, పరీక్ష తేదీ కాలేదు

హైదరాబాదు మౌలాలి నుంచి ఒక సోదరి రూళ్ల కాగితాల మీద తొమ్మిది పేజీల ఉత్తరం రాశారు. పేరు గానీ, వెళ్లే చర్చి పేరు గానీ బయటపెట్టొద్దని రెండుసార్లు అడిగారు. అవి వదిలేసి సంగతి మాత్రం చెబుతాను.

ఆమెకు 47 ఏళ్లు. చిన్న ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరు, జీతం 15 వేలు. భర్త చర్లపల్లిలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవారు. 2021 మే నెలలో కరోనాతో పోయారు. జ్వరం వచ్చిన మొదటి నాలుగు రోజులూ మామూలు జ్వరమే అనుకుని ఇంట్లోనే మాత్రలు వేసుకున్నారు. ఐదో రోజు ఆయాసం మొదలైంది. బెడ్డు కోసం మూడు ఆసుపత్రులు తిరిగారు. తొమ్మిదో రోజు తెల్లవారుజామున ఫోన్ వచ్చింది. అమ్మాయికి ఇప్పుడు 22, బీఎస్సీ నర్సింగ్ ఆఖరి సంవత్సరం, ఇంకో ఆరు నెలల్లో అయిపోతుంది. అబ్బాయికి 16, ఇంటర్‌లో చేరాడు.

జూన్‌లో స్కూలు తెరిచిన వారానికి, రెండో అంతస్తుకు మెట్లెక్కుతుంటే ఆమెకు గుండెల మీద రాయి పెట్టినట్టయింది. కూర్చుంటే తగ్గింది. మూడు రోజుల తర్వాత మళ్లీ వచ్చింది. డాక్టరు ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించి, గుండె నాళాలను చూసే యాంజియోగ్రామ్ పరీక్ష చేయించుకోవాలనీ ఎక్కువ రోజులు ఆగొద్దనీ చెప్పారు. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. ‘నేను కూడా పోతే పిల్లలేం కావాలి’ అన్న ఒక్క మాటే చెవుల్లో మోగిందట.

ఆ తర్వాత పన్నెండు రోజుల్లో ఇవన్నీ జరిగిపోయాయి. అల్వాల్ వైపు కుటుంబం నుంచి అమ్మాయికి సంబంధం వచ్చింది. పెళ్లికొడుకు కువైట్‌లో పని చేస్తాడు, సెలవు మీద వచ్చాడు, ఆగస్టులో తిరిగి వెళ్లాలి. అందుకని ఐదు వారాల్లో పెళ్లి అన్నారు, ఈమె సరేనన్నారు. చదువు సంగతి ‘అక్కడికెళ్లాక చూసుకుందాం’ అన్నారు, దానికీ సరేనన్నారు. కట్నం వద్దు గానీ అబ్బాయి అక్కడ నిలదొక్కుకోవడానికి ముందుగా పది లక్షలు ఇవ్వమన్నారు. భర్త పేరున ఘట్‌కేసర్ దగ్గర 150 గజాల ప్లాటు ఉంది. 27 లక్షలు పలికేదాన్ని 21 లక్షలకు మాట్లాడి, రెండు లక్షలు బయానా తీసుకుని, కాగితం మీద సంతకం చేశారు. ఫంక్షన్ హాలుకు 50 వేలు అడ్వాన్సు కట్టారు. చర్చిలో పెళ్లి ప్రకటనలు మూడు ఆదివారాలు కాకుండా ఒక్క ఆదివారంతో ముగించమని పాస్టరు గారిని అడిగితే, ఆయన ‘ఎందుకమ్మా ఇంత తొందర?’ అన్నారు. అది అవమానంగా తోచి రెండు వారాలుగా ఆమె గుడికి వెళ్లడం లేదు.

ఇంకా రెండు మాటలు రాశారు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఆమెకు వచ్చిన వాగ్దానం కార్డు (కొత్త ఏడాదికని బైబిలు వచనం రాసి ఇచ్చేది) మీద ‘ఇదిగో నేనొక నూతనక్రియ చేయుచున్నాను’ అని ఉంది. వీధి చివర ప్రార్థన చేసే ఒక అమ్మగారు, ఈ ఏడాది మీ ఇంట్లో పెళ్లయినా జరగాలి, ఏడుపైనా వినపడాలి అని చెప్పారు. అమ్మాయిని అడిగితే ‘నీ ఇష్టం అమ్మా’ అంది.

ఉత్తరం చివర ఇలా ఉంది: “అక్కా, నేను చేస్తున్నది విశ్వాసమో పిరికితనమో తెలియడం లేదు. దేవుని చిత్తమేనని ఒక్క మాట ధైర్యం చెప్పండి, చాలు.”

చెల్లెమ్మా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. పెళ్లి తేదీ ఉంది. ప్లాటు రిజిస్ట్రేషన్ తేదీ ఉంది. హాలు వాళ్లకు మిగతా డబ్బు కట్టాల్సిన తేదీ ఉంది. అబ్బాయి విమానం తేదీ కూడా రాశారు. యాంజియోగ్రామ్ అన్న మాట మాత్రం తొమ్మిది పేజీల్లో ఒక్కచోటే ఉంది, అదీ డాక్టరు నోట. ఎప్పుడు చేయించుకుంటున్నారో ఎక్కడా లేదు. పిల్లలకు చెప్పారా అని వెతికాను. అదీ లేదు.

మిమ్మల్ని నిలదీయడానికి అనడం లేదు. భయం మనిషి చేత ఎలా పనిచేయిస్తుందో మీ ఉత్తరంలోనే కనబడుతోంది కాబట్టి చూపిస్తున్నాను. దేనికి భయపడ్డారో దాని వైపు మీరు ఒక్క అడుగూ వేయలేదు. చుట్టూ ఉన్న మిగతా పనులన్నీ మాత్రం పరుగు మీద చేసేశారు. ఆ పరుగులో ఉన్నంతసేపూ ఆ ఒక్కటీ గుర్తుకు రాదు కదా.

ఈ తొందర ఎక్కడ మొదలైందో మీరే రాశారు, రాసినట్టు మీకు తెలియకపోవచ్చు. రెండో పేజీలో, ‘ఆ నాలుగు రోజులు ఇంట్లో కూర్చోబెట్టి ఆయన్ని నేనే పోగొట్టుకున్నాను’ అన్నారు. ఏడో పేజీలో పెళ్లి గురించి రాస్తూ, ‘ఈసారి ఆలస్యం చేయను’ అన్నారు. ఆ రెండు వాక్యాలకూ మధ్య ఐదు పేజీలున్నాయి గానీ అవి ఒకే వాక్యం, చెల్లెమ్మా. ఆగితే మనిషి పోతాడని 2021 మే నెల మీకు పాఠం చెప్పింది. అప్పటినుంచి ‘ఆగండి’ అన్నవాళ్లంతా మీకు శత్రువుల్లా కనిపిస్తున్నారు. పాస్టరు గారి మీద కోపం అందుకే.

ముందు ఆ నాలుగు రోజుల గురించి. ఆ నెలలో ఈ నగరంలో ఎన్ని ఇళ్లలో అలా జరిగిందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మొదటి రోజే తీసుకెళ్లిన వాళ్లూ పోయారు. ఇంట్లోనే ఉండి కోలుకున్న వాళ్లూ ఉన్నారు. ఆ రోజు మీ చేతిలో ఉన్న సమాచారంతో మీరు చేయగలిగింది చేశారు. బైబిల్లో యోహాను తన మొదటి పత్రికలో, ‘భయము దండనతో కూడినది’ అంటాడు. ఆ మాట మీ ఉత్తరం చదువుతుంటే గుర్తొచ్చింది. మీ భయంలో సగం జబ్బు భయం కాదు. ‘నాకు శిక్ష పడుతుంది, పడాలి’ అన్న భయం. ఆ శిక్ష దేవుడు రాయలేదు, మీరే రాసుకున్నారు.

నా సంగతి ఒకటి చెబుతాను. అదే ఏడాది, అదే నెల. మా మరిదికి ఆక్సిజన్ పెట్టారని తెలిసి నేను కోఠిలో మందుల షాపుల వెంట తిరిగాను. డాక్టరు అడగలేదు, ఎవరో వాట్సాప్‌లో పెట్టారు, రెమ్డెసివిర్ ఇంజెక్షన్ ఉంటే బతుకుతారని. ఒక సందులో ఒకతను 30 వేలకు ఒక సీసా ఇచ్చాడు. ఆ డబ్బు నా చేతి గాజులు రెండు అమ్మి తెచ్చింది. సీసా తడి గుడ్డలో చుట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాను. డ్యూటీ డాక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇది మేం రాయలేదే అమ్మా, ఆయనకిది అవసరం లేదు’ అని నా చేతిలో పెట్టేసింది. మరిది కోలుకున్నాడు. ఆ సీసా మా ఫ్రిజ్ తలుపులో, కరివేపాకు డబ్బా పక్కన, ఏడాది పాటు ఉంది. పారేయడానికి చేతులు రాలేదు. ఆ రోజు ఆసుపత్రి వాళ్లు మా నుంచి అడిగింది ఒకటే, రోగి దగ్గరి పాత రిపోర్టులు. అవి ఇంట్లో బీరువాలో ఉన్నాయి. అడిగింది తీసుకెళ్లలేదు, అడగనిదాని కోసం గాజులు అమ్మాను. అందుకే మీ పన్నెండు రోజులు నాకు పరాయివిగా అనిపించడం లేదు.

భయపడటం అవిశ్వాసమని మీకు ఎవరో చెప్పినట్టున్నారు. ఉత్తరమంతా దానికి క్షమాపణ అడుగుతూనే ఉన్నారు. యేసును పట్టుకున్న గెత్సేమనే తోట గుర్తు చేసుకోండి. ఆ రాత్రి ప్రభువే మిగుల విభ్రాంతి నొందాడని మార్కు రాశాడు, దాచలేదు. చెమట పట్టింది, ఈ గిన్నె తప్పించమని అడిగాడు. భయం పాపమైతే ఆ వచనం అక్కడ ఉండేది కాదు. అదే తోటలో, అదే రాత్రి ఆయన శిష్యుడు పేతురూ ఉన్నాడు. ప్రార్థన చేయమన్న గడియలో నిద్రపోయాడు, దివిటీలతో వాళ్లు రాగానే కత్తి దూశాడు. ఎవరి మీద? సైనికుడి మీద కూడా కాదు, ప్రధానయాజకుని దాసుడు మల్కు మీద. తెగింది ఒక పనివాడి చెవి. ఆ కత్తి వల్ల ఆగింది ఏమీ లేదు. పైగా ప్రభువు తనను పట్టుకుంటున్న ఆ క్షణంలో కూడా ఆగి, ఆ చెవి బాగుచేయాల్సి వచ్చింది. ఇద్దరికీ భయం ఉంది. ఒకరు దాని ఎదుట మోకాళ్లూని, దాని పేరు పెట్టి తండ్రికి చెప్పారు. ఇంకొకరు దానితో ముఖాముఖి కూర్చోకుండానే చేతికి దొరికింది తీశారు. మీ విషయంలో ఆ కత్తి పెళ్లి. దాని అంచున ఉన్నది మీ అమ్మాయి.

ఇంకొక చోటుకు తీసుకెళతాను. ప్రసంగాల్లో తక్కువగా వినపడే భాగం, యిర్మీయా ప్రవక్త గ్రంథం 42వ అధ్యాయం. యెరూషలేము పడిపోయాక బబులోను రాజు నియమించిన అధికారి గెదల్యాను ఇష్మాయేలు అనేవాడు చంపేశాడు. మిగిలిన కొద్దిమంది, రాజు వచ్చి తమ మీద పగ తీర్చుకుంటాడని వణికిపోయి, ఐగుప్తుకు పారిపోవడానికి బయల్దేరారు. బేత్లెహేము దగ్గర ఆగారు. మూటలు కట్టుకుని, ముఖాలు ఐగుప్తు వైపు తిప్పుకుని, అక్కడ యిర్మీయాను అడిగారు: దేవుణ్ణి అడిగి చెప్పు, మేలైనా కీడైనా ఆయన ఏది చెబితే అది వింటాం. యిర్మీయా వెంటనే చెప్పలేదు. పది రోజుల తర్వాత జవాబు వచ్చిందని రాసి ఉంది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్న వాళ్లకు పది రోజులంటే ఎంతసేపో ఆలోచించండి. ఆగండి, ఇక్కడే ఉండండి, ఆ రాజుకు భయపడొద్దు అన్నది జవాబు. వెళితే మాత్రం మీరు ఏ ఖడ్గానికి భయపడి పారిపోతున్నారో ఆ ఖడ్గమే అక్కడికొచ్చి పట్టుకుంటుందన్నాడు. వాళ్లు యిర్మీయాను అబద్ధికుడన్నారు, అతన్ని కూడా లాక్కుని ఐగుప్తుకు వెళ్లిపోయారు.

వాళ్లు అడిగింది నిజంగా సలహా కాదు, దారి ఖర్చుకు ఆశీర్వాదం. మీరు నన్ను అడిగిన ఆ చివరి వాక్యం కూడా అలాంటిదేనని చెప్పడానికి నాకు బాధగా ఉంది. దేవుని చిత్తమేనని ఒక్క మాట చెప్పమన్నారు. ఆ మాట చెప్పలేను. కాదని కూడా చెప్పలేను. ఆ కుటుంబాన్ని నేను చూడలేదు, ఆ అబ్బాయి మంచివాడే కావచ్చు. నేను చెప్పగలిగింది, మీ మూట విప్పి చూపించడం.

ఖడ్గం అక్కడే పట్టుకుంటుందన్న మాట మీ లెక్కల్లో ఎలా ఉందో చూడండి. మీ భయం ఏమిటి? మీకేదైనా అయితే పిల్లలు దిక్కులేని వాళ్లవుతారని. ఇప్పుడు అనుకున్నవన్నీ అనుకున్నట్టే జరిగాయనుకుందాం. 21 లక్షలు వస్తాయి. పది వాళ్లకు వెళ్తాయి. పెళ్లికి ఎంత తగ్గించినా ఐదారు లక్షలు. పాత అప్పులు రెండు లక్షలున్నాయని మీరే రాశారు. సెప్టెంబరులో యాంజియోగ్రామ్ చేసి బైపాస్ కావాలన్నారనుకోండి. ప్లాటు ఉండదు. చేతిలో ఉన్నది నెలల్లో కరిగిపోతుంది. నర్సింగ్ చదివి మీ పక్కన మంచం దగ్గర నిలబడగలిగిన పిల్ల కువైట్‌లో, చేతిలో డిగ్రీ లేకుండా ఉంటుంది. ఇంట్లో 16 ఏళ్ల అబ్బాయి ఒక్కడూ మీ దగ్గర. మీరు తప్పించుకోవాలని పరుగెత్తుతున్నది సరిగ్గా ఈ బొమ్మ నుంచే కదా.

ఇక వాగ్దానం కార్డు. ఆ కార్డుల్ని తక్కువ చేసి మాట్లాడను. మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఏటా ఒకటి అంటించి ఉంటుంది. కానీ యెషయా 43లో ఆ వచనం పూర్తిగా చదవండి: ‘ఇప్పుడే అది మొలుచును’ అంటుంది. మొలిచేదాన్ని ఎవరూ పీకి పొడుగు చేయరు. ఆ మాట చెరలో ఉన్న జనానికి ఇంటి దారి గురించి చెప్పింది, ముహూర్తం గురించి కాదు. కొత్త కార్యమంటే పెళ్లే అవ్వాలని ఎక్కడుంది? మీ గుండె నాళాలు బాగున్నాయన్న రిపోర్టు కొత్త కార్యం కాదా? మీ అమ్మాయి డిగ్రీ తెచ్చుకోవడం కాదా?

ఆ ప్రార్థన అమ్మగారి మాట దగ్గర నేను కొంచెం గట్టిగానే చెబుతాను. పెళ్లి లేకపోతే ఏడుపు అన్నది ప్రవచనంలా వినపడుతుంది గానీ, వింటున్న మనిషి కాళ్ల కింద నేల లాగేసే మాట అది. థెస్సలొనీకయులకు పౌలు ప్రవచించుటను నిర్లక్ష్యం చేయొద్దన్నాడు, వెంటనే సమస్తాన్నీ పరీక్షించమన్నాడు. ఆ రెండూ ఒక దగ్గరే ఉన్నాయి. ఆమె మీకు మేలు కోరే మనిషే కావచ్చు. అయినా మీ ఇంట్లో చావు గురించి బెదిరించి తేదీ పెట్టించే మాటను దేవుని మాటగా తీసుకోవాల్సిన బాధ్యత మీకు లేదు.

మీ పాస్టరు గారు చేసిన పని మాత్రం నాకు నచ్చింది. పెళ్లి ప్రకటన మూడు ఆదివారాలు ఎందుకు చదువుతారో మనం మర్చిపోయాం. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పడానికి గడువు అది. పెళ్లికూతురికి కూడా అది గడువే. బెంచీలో కూర్చుని తన పేరు పక్కన ఇంకో పేరు మూడుసార్లు వినాలి, లోపల ఏమవుతుందో చూసుకోవాలి. దాన్ని ఒక్క ఆదివారానికి కుదించమన్నది మీరు కాదు, మీ భయం. ఈ ఆదివారం గుడికి వెళ్లండి. ఆయనకు క్షమాపణ చెప్పనక్కర్లేదు, డాక్టరు చీటీ చూపించండి. ఆయనకు మీ గుండె సంగతి తెలియదు కదా. తెలిసి ఉంటే ఆ ప్రశ్న వేరేగా అడిగేవారు.

ప్లాటు విషయంలో ఒక పెద్ద సంగతి మీరు చూసుకోలేదు. మీ భర్త వీలునామా రాయలేదన్నారు. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలకు సమానంగా. అంటే ఆ 150 గజాల్లో మీది 50, అమ్మాయిది 50, అబ్బాయిది 50. బయానా కాగితం మీద సంతకం మీదొక్కటే. అమ్మాయి మేజరు, ఆమె సంతకం కావాలి. అబ్బాయి మైనరు, అతని వాటా అమ్మాలంటే కోర్టు అనుమతి తీసుకోవాలి, లేకపోతే రేపు ఆ అమ్మకం చిక్కుల్లో పడుతుంది. కొనేవాళ్లకు కూడా ఇది తెలియాలి. ఈ కాగితం పట్టుకుని వెంటనే వకీలును కలవండి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 చట్టంలోనే ఉంది. 15100కు ఫోన్ చేస్తే మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వివరాలు చెబుతారు. బయానా తిరిగి ఇచ్చేస్తే ఎంత నష్టమనేది ఆ కాగితంలో ఏం రాశారన్న దాన్ని బట్టి ఉంటుంది. దాన్ని నేను ఇక్కడినుంచి చెప్పలేను. ఆ రెండు లక్షలూ ముట్టుకోకుండా ఉంచండి, అది మాత్రం చెప్పగలను.

ఆ పది లక్షలకు ఏ పేరు పెట్టినా కట్నమే. 1961 నుంచి తీసుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరమే. చర్చిలో కూర్చున్నంత మాత్రాన మనకు వేరే చట్టం లేదు.

ఇప్పుడు మీ ముందు ఏం దారులున్నాయి?

ఇలాగే ముందుకు వెళ్లొచ్చు. వెళ్తే సంబంధం నిలుస్తుంది, హాలు డబ్బు పోదు, చుట్టాల ముందు మాట పోదు. దానికి మీరు కట్టే వెల పైన లెక్కేశాను. అది కాక మీ అమ్మాయి చదువు ఆరు నెలల ముందు ఆగిపోతుంది. ఆగిన చదువు కువైట్‌లో మళ్లీ మొదలవుతుందని ఎవరూ కాగితం మీద రాసివ్వరు.

నిశ్చితార్థం ఇప్పుడు చేసి, పెళ్లి ఆమె పరీక్షలయ్యాక, అబ్బాయి తర్వాతి సెలవుకు పెట్టుకోవచ్చు. నాకు మనసు దీని వైపు కొంచెం మొగ్గుతోంది, అదీ అమ్మాయికి ఇష్టమైతేనే. మీ ఆరోగ్యం సంగతి, ప్లాటులో పిల్లల వాటా సంగతి, డబ్బు ఇవ్వలేమన్న సంగతి వాళ్లకు దాచకుండా చెప్పండి. అబ్బాయి తల్లి ‘ముందు మీరు పరీక్ష చేయించుకోండి వదినా’ అంటుందో, ‘మాకు ఇంకో సంబంధం చూస్తున్నారు’ అంటుందో అక్కడే తెలుస్తుంది. సంబంధం పోవచ్చు. పోతే బాధ ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ పెళ్లికి ముందు పది నిమిషాల్లో తెలిసే సంగతి పెళ్లయ్యాక తెలిస్తే మీ అమ్మాయి దేశం కాని దేశంలో ఉంటుంది.

లేదంటే మొత్తం ఆపేయొచ్చు. హాలు అడ్వాన్సు 50 వేలు తిరిగి రాకపోవచ్చు, మీ జీతంలో అది మూడు నెలల కంటే ఎక్కువ. అత్తగారి వైపు వాళ్లు నాలుగు మాటలంటారు. ‘పిల్లలో ఏదో లోపముంది’ అన్న పుకారు కూడా రావచ్చు, మన వాడల్లో అది మామూలే. ఆ మాటలు ఎన్ని నెలలుంటాయో, ఆ పెళ్లి ఎన్ని ఏళ్లుంటుందో మీరే తూచుకోండి.

ఈ మూడింటిలో ఏది ఎంచుకున్నా, దానికంటే ముందు జరగాల్సింది పరీక్ష. ఇక్కడ మాత్రం నేను దారులు చూపించడం లేదు, బతిమాలుతున్నాను. మీరు 2021 నుంచి నేర్చుకున్న ‘ఆలస్యం చేయకు’ అన్న పాఠం తప్పు కాదు చెల్లెమ్మా, దాన్ని వేరే పని మీద ఖర్చు చేస్తున్నారు. యాంజియోగ్రామ్‌లో మణికట్టు దగ్గరో తొడ దగ్గరో సన్నని గొట్టం పంపి, రంగు మందు ఎక్కించి, తెర మీద గుండె నాళాలు చూస్తారు. సాధారణంగా పూర్తి మత్తు ఇవ్వరు. చాలామంది అదే రోజో మర్నాడో ఇంటికొస్తారు. అడ్డు ఏమీ లేకపోవచ్చు, మందులతో సరిపోవచ్చు, స్టెంట్ కావచ్చు, ఆపరేషన్ కావచ్చు. తెల్ల కార్డు ఉందన్నారు. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో ఐదు లక్షల నుంచి పది లక్షలకు పెంచారు, గుండె చికిత్సలు అందులో ఉన్నాయి. పంజగుట్ట నిమ్స్‌లోనో, మీకు దగ్గరగా ఉన్న గాంధీలోనో ఆరోగ్యశ్రీ కౌంటర్ దగ్గర కార్డు, ఈసీజీ, ట్రెడ్‌మిల్ రిపోర్టు చూపించి, ఏది వర్తిస్తుంది, ఏది వర్తించదు అని అడగండి. ఈలోగా కూర్చుని ఉన్నప్పుడు కూడా నొప్పి వచ్చినా, చెమటలు పట్టినా, నొప్పి చేతిలోకో దవడలోకో పాకినా, ప్రార్థన చేస్తూనే 108కి ఫోన్ చేయండి. మీ అబ్బాయికి ఆ నంబరు ఈ రాత్రే చెప్పి ఉంచండి. స్కూల్లో కింది అంతస్తు క్లాసు ఇవ్వమని హెడ్మాస్టరును అడగండి.

రాత్రుళ్లు నిద్ర లేదన్నారు. 14416 అనేది మనసు బాధలు చెప్పుకోవడానికి ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. అక్కడికి ఫోన్ చేయడం విశ్వాసం తగ్గినట్టు కాదు. భర్త పోయి నాలుగేళ్లయినా ఆ తొమ్మిది రోజుల గురించి మీరు ఎవరితోనూ పూర్తిగా మాట్లాడినట్టు నాకు అనిపించలేదు.

ఆ యిర్మీయా పది రోజులు మీరూ తీసుకోండి. అబ్బాయి వాళ్లకు ఫోన్ చేసి, ఆరోగ్యం బాగాలేదు, పది రోజుల తర్వాత మాట్లాడతానని చెప్పండి. ఆ పది రోజుల్లో ఆసుపత్రి, వకీలు, పాస్టరు గారు. కొత్తగా ఎక్కడా సంతకం చేయకండి, ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి.

మీ అమ్మాయి అన్న ‘నీ ఇష్టం అమ్మా’ గురించి ఇంకా చెప్పలేదు, కావాలనే చివరికి ఉంచాను. ఆ మాట మీద మీరు పెళ్లి ఖాయం చేశారు. నేను చాలామంది ఆడపిల్లల నోట ఆ మాట విన్నాను. సంతోషంగా ఉన్న పిల్ల ఆ మాట అనదు, సిగ్గుపడుతుంది, ఫోటో మళ్లీ చూపించమంటుంది, ఏదో ఒకటి అడుగుతుంది. తండ్రిని పోగొట్టుకున్న పిల్ల, తల్లి ముఖంలో ఏదో దాస్తోందని కనిపెట్టిన పిల్ల, పైగా నర్సింగ్ చదువుతున్న పిల్ల. మీ ట్రెడ్‌మిల్ రిపోర్టు ఆమె ఇప్పటికే చూసి ఉన్నా నేను ఆశ్చర్యపోను.

ఈ రాత్రి అన్నాలయ్యాక, తమ్ముడు పడుకున్నాక, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ముందు డాక్టరు చీటీ ఆమె చేతికివ్వండి. ఆమె చదవనివ్వండి. తర్వాత, నాకు ఈ జబ్బు లేకపోతే నువ్వు ఈ పెళ్లికి ఏమనేదానివని అడగండి. అడిగి ఊరుకోండి. ఆమె నోరు తెరిచేదాకా మీరు మాట్లాడకండి, ఎంతసేపైనా సరే.